చెవి తమ్మెంత మెత్తన

ఎదురుగా బేకరీలో వంకాయలు కాలుతుంటే మనింట్లో ఇడ్లీ ఎవరికి రుచిస్తుంది, చెప్పండి? ఏడేళ్ళుగా నాకిదే అవస్థ. మా ఇల్లు రాజోలులో, సఖినేటిపల్లి వెళ్ళే రోడ్డు మీద. రోడ్డుకి అటుపక్క, సరిగ్గా మా వీధి గుమ్మానికి ఎదురుగా ఆ బేకరీ. రేకుల కప్పు, ముందు రెండు బల్లలు, వెనకాల ఇటుకలతో కట్టిన బట్టీ. తెల్లవారుతూనే సరుగుడు కట్టెలు అంటిస్తారు. ఆరున్నరకల్లా మొదటి ట్రే బయటికొస్తుంది. ఆరూ ఇరవైకే నేను కుచ్చిళ్ళు సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంటాను. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "వెళ్ళవే, మళ్ళీ అయిపోతాయి" అంటారు.

చూడ్డానికి అది మన కజ్జికాయలాగే ఉంటుంది. అంచు చుట్టూ తాడు పేనినట్టు మడతలు, పైన నువ్వులు. నూనెలో వేయించరు, బట్టీలో కాలుస్తారు. లోపల కాల్చిన వంకాయ గుజ్జు, గేదెపాలు విరగ్గొట్టి ఉప్పేసి వడకట్టిన ముక్క కలిపి పెడతారు. దాని అసలు పేరు బురేకా. మా ఊళ్ళో ఆ పేరు పలికినవాళ్ళని నేను చూడలేదు. "రెండు ఇజ్రాయెల్ పఫ్‌లివ్వండి" అంటారు. అదంటే ఊరు ఊరంతా చెవి కోసుకుంటుంది. కొబ్బరికాయల కోసం అంబాజీపేట వచ్చిన లారీలవాళ్ళు కూడా పనిగట్టుకుని ఇటు తిరిగొచ్చి పొట్లాలు కట్టించుకుపోతారు.

కొరికితే పైపొర పొడిపొడిగా రాలుతుంది, దాని కింద పొర మెత్తగా నాలుక మీద కరుగుతుంది. ఒకే పిండి రెండు రకాలుగా ఎలా ఉంటుందో నాకు అంతుపట్టేది కాదు. నేను సామాన్యురాల్ని కాదు మరి. గవ్వలు, కజ్జికాయలు, మడత కాజాలు, ఏదైనా సరే, మా వీధిలో పెళ్ళయితే పిండి కలపడానికి నన్నే పిలుస్తారు. అలాంటి నేను మొదటిసారి అది తిని, రెండో ముక్క నోట్లో పెట్టుకోకుండా చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఒకరి చేతిని చూసి నాకు భయభక్తులు కలగడం అదే మొదలు.

ఆ చెయ్యి ఎవరిదంటే, మా ఊళ్ళో అందరూ సిస్టరుగారు అని పిలిచే ఆవిడది. నాకంటే ఐదారేళ్ళు చిన్న. నన్ను అక్కగారండీ అంటారు. మా వైపు చర్చి కుటుంబాల్లోంచి ఎంతోమంది ఆడవాళ్ళు ముసలివాళ్ళకి సేవ చేయడానికి ఇజ్రాయెల్ వెళ్తుంటారు. ఆవిడా అలాగే వెళ్ళి, పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఒకే ముసలావిణ్ణి కనిపెట్టుకుని ఉన్నారు. ఆ ముసలావిణ్ణి సిస్టరుగారు ఇప్పటికీ అమ్మమ్మగారు అనే అంటారు. ఆవిడ పోయాక ఇంటికొచ్చి, తెచ్చుకున్న నాలుగు రాళ్ళతో ఈ బేకరీ పెట్టుకున్నారు.

"కొలతేంటండీ?" అని మొదట్లోనే అడిగాను. వంట తెలిసిన మనిషికి ఆగదు కదా.

"కొలతుండదండి. మరిగిన నీళ్ళు, నూనె, ఉప్పు. పిండి ఎంత పడితే అంత. ముద్ద చెవి తమ్మెలా ఉండాలండి. అంతే."

"చెవి తమ్మేంటండీ, విడ్డూరం కాకపోతే!"

"ఆయ్, అదేనండి కొలత. అమ్మమ్మగారికి వాళ్ళమ్మ చెప్పేరు, ఆవిడకి వాళ్ళమ్మ. వాళ్ళ పెద్దల్ని, యూదులని చెప్పి, అయిదారు వందల ఏళ్ళ కిందట స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టేరటండి. ఓడెక్కి టర్కీ చేరేరంట. స్పెయిన్లో కొంత, టర్కీలో కొంత నేర్చుకున్న వంటండి ఇది. ఇళ్ళూ వాకిళ్ళూ పోయేయి గానీ ఈ ముద్ద పోలేదని చెప్పీవారు."

నా చేతిలో పాత పేపరు ముక్క, అందులో సగం తిన్న పఫ్. మా అమ్మమ్మకి గవ్వలు ఎవరు నేర్పారో నాకు తెలియదు. దీనికి మాత్రం అన్ని వందల ఏళ్ళ అవతలి నుంచి ఒక చేతి తర్వాత ఒక చెయ్యి ఉంది, చిట్టచివరి చెయ్యి మా రాజోలుది. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్తే "అయితే ఇంకో రెండు తేవాల్సింది" అన్నారు.

ఆ బేకరీకి ఇంకో వింత ఉంది. శనివారం పొయ్యి వెలిగించరు. వ్యాపారం ముమ్మరంగా సాగే రోజది, అయినా సరే. "అమ్మమ్మగారింట్లో శనివారం అగ్గి ముట్టరండి. పదకొండేళ్ళు అలవాటైపోయింది. వెలిగిస్తే ఆవిడ పక్కనుంచి చూస్తన్నట్టుంటదండి" అంటారు. శుక్రవారం కాల్చినవే శనివారం పొద్దున్న పెడతారు. వాటితోపాటు, ఉల్లిపాయ తొక్కలేసి ఆరిపోయే బట్టీలో వదిలేసిన కుండలోంచి గోధుమరంగు తిరిగిన గుడ్లు తీస్తారు. ఇంక ఆదివారం చర్చి. అంటే వారానికి రెండ్రోజులు నిప్పు లేని బేకరీ అన్నమాట! మేం శనివారం గుడ్డు ముట్టం. అందుకని పైన గుడ్డుసొన రాయకుండా పాలు రాసి కాల్చిన ట్రే ఒకటి విడిగా ఉంటుంది. దాన్ని ఏడుకొండలవాడి ట్రే అంటారు ఆవిడ. ఎవరి నియమం వాళ్ళది, ముద్ద ఒక్కటే.

ఇంత చెప్తున్నాను గానీ, బేకరీ పెట్టిన మొదటి ఆరు నెలలు నేనా గుమ్మం తొక్కలేదు. గుడ్డు రాస్తారని వంక చెప్పేదాన్ని. గుడ్డు కాదు కారణం. ఏమిటో తర్వాత చెప్తాను, చెప్పక తప్పదు.

పోయిన వానాకాలంలో పఫ్‌లు గట్టిపడ్డాయి. మొదటిరోజు ఏదో లే అనుకున్నాను. రెండోరోజు పైపొర రాలలేదు, సాగింది. నా నోరు ఊరుకుంటుందా? "ఏమండీ, ఇవాళ పళ్ళకి పరీక్ష పెట్టేరా?" అని అందరి ముందూ అన్నాను. మూడోరోజు "చెయ్యి తప్పిందా ఏంటండీ" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఐదోరోజు ఇంక లాభం లేదని, నాలుగు దులిపేద్దామని వెనక గుమ్మంలోంచి సరాసరి బట్టీ దగ్గరికే వెళ్ళాను.

ఆవిడ అప్పుడే ట్రే బయటికి లాగుతున్నారు. గుడ్డ లేదు. వట్టి చేత్తో ఆ కాలుతున్న ఇనుము పట్టుకుని, బల్లదాకా మోసుకొచ్చి, నిదానంగా దింపి, నాకేసి చూసి నవ్వారు. "రండి అక్కగారండీ" అన్నారు. కమురు వాసన వచ్చింది. ఆవిడ వేళ్ళ చివర్లు ఎర్రగా కమిలి, చర్మం లేచిపోయింది. ఆవిడకి ఆ సంగతే తెలియలేదు.

"ఓరి దేవుడో! చెయ్యి కాలిందండీ, చెయ్యి!" అని అరిచాను. అరిచాక ఆవిడ తన వేళ్ళు చూసుకున్నారు, పక్కవాళ్ళ వేళ్ళు చూసినట్టు. మొహంలో నొప్పి లేదు, భయం ఉంది. బకెట్లో నీళ్ళుంటే అటు చూపించాను, ముంచుకున్నారు. లోపల పనిచేసే ఇద్దరమ్మాయిలూ పరిగెత్తుకొస్తే "ఏం లేదమ్మా, మీరెళ్ళి వంకాయలు చూడండి" అని పంపేసి, నెమ్మదిగా బల్ల మీద కూచున్నారు.

"షుగరండి. ఆరు నెలల నుంచి వేళ్ళకి ఏదీ తెలియట్లేదు. నరాలు పోయేయన్నారు డాక్టరుగారు. మందులు వాడతన్నాను గానీ, పోయింది రాదంటండి."

"మరి పిండెలా కలుపుతున్నారండీ?"

"కంటితో చూసి, గుర్తు మీద లాక్కొచ్చేనండి. ఈ వానలకి పిండి చెమ్మెక్కిపోయి నా గుర్తు తప్పింది. తింటే తెలుస్తంది తప్పని. కలిపేప్పుడు తెలవట్లేదండి. మీరు రోజూ గట్టిగా ఉన్నాయంటంటే, నిజమే కదా అనుకుని ఊరుకున్నాను."

నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఐదురోజులు నలుగురిలో వేళాకోళం చేసింది నేనే కదా.

"దాని గురించి కాదండి నా బెంగ" అన్నారు ఆవిడ, నీళ్ళలో చేతిని చూసుకుంటూ. "అమ్మమ్మగారి కూతురు వస్తన్నారు. మూడు వారాల్లో. ఆవిడకీ డెబ్భై దాటేయండి. ఉద్యోగంలో పడి వాళ్ళమ్మ దగ్గర నేర్చుకోలేదు. ఆ ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు. అమ్మ చేతివి ఒక్కసారి తిని పోతాను, నువ్వు చేసిపెట్టు అని ఇంతదూరం వస్తన్నారండి. ఆ ముద్ద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు నాకూ తెలవదు. ఏం పెట్టను ఆవిడకి?"

స్పెయిన్ నుంచి తరిమేస్తే పోని ముద్ద, ఓడలెక్కి దిగితే పోని ముద్ద, రాజోలులో ఒక బల్ల మీద నీళ్ళ బకెట్లో ఉన్న ఐదు వేళ్ళ దగ్గర ఆగిపోతోంది. నా ముత్తాతలదేదో పోతున్నట్టే అనిపించింది.

"ఆ అమ్మాయిలకి నేర్పచ్చు కదండీ?"

"నేర్పాలంటే వాళ్ళు కలిపింది తప్పో ఒప్పో నా వేళ్ళు చెప్పాలి కదండీ."

"అయితే నాకు నేర్పండి" అన్నాను. "నలభై ఏళ్ళ నుంచి పిండి కలుపుతున్నాను. మీ వేళ్ళు చెప్పక్కర్లేదు, నా వేళ్ళే చెప్తాయి. చెవి తమ్మెలా ఉండాలి, అంతే కదా?"

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నారు. కందకి ఉందండీ దురద, పాపం, గోక్కోవడానికి వేళ్ళే లేవు. ఆ మాట ఆయనకి చెప్పి మర్నాడు తెల్లారకుండానే బేకరీకి వెళ్ళాను.

నూనె, మరిగిన నీళ్ళు, ఉప్పు కలిపి, అందులో పిండి వేసుకుంటూ పోవాలి. ఎక్కువ పిసక్కూడదు, పిసికితే పౌరుషం తెచ్చుకుని బిగుసుకుంటుంది. అదంతా ఆవిడ నోటితో చెప్తుంటే నేను చేశాను. మధ్యమధ్యలో ఒక చేత్తో నా చెవి నలుపుకుని, రెండో చేత్తో ముద్ద నలిపి, రెండూ సమానం అనిపించాక ఆపాను. ఎంత ధీమా నాకు! కాల్చి తీస్తే, అట్ట. రెండోరోజు ఇంకా శ్రద్ధగా చేశాను, ఇంకా మంచి అట్ట వచ్చింది. మూడోరోజు కొబ్బరినూనె వేద్దామా అంటే సిస్టరుగారు చెవులు మూసుకుని "అమ్మమ్మగారు పైనుంచి తిడతారండి" అన్నారు. త్రాసు పెట్టి తూచాం. ఎండ కాసినరోజు ఒకలా, ముసురు పట్టినరోజు ఒకలా. పాడైనవన్నీ మా ఆయనే తిన్నారు. ఎనిమిదోరోజు ఆయన కూడా వద్దన్నారు. గేదెకి వేస్తే వాసన చూసి మొహం తిప్పుకుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు బట్టీని తిట్టాను, కట్టెల్ని తిట్టాను, చివరికి వానల్ని కూడా తిట్టాను.

రెండు వారాలు ఇట్టే పోయాయి. అమ్మమ్మగారి కూతురు టిక్కెట్టు కొనుక్కున్నారని కబురొచ్చింది. సిస్టరుగారు ఆ పూట ప్రార్థనకి కూర్చుని చాలాసేపు లేవలేదు. నేను అవతల నిలబడి విన్నాను. నా చేతుల కోసం ప్రార్థన చేస్తున్నారు. వేళ్ళు తిరిగిరావాలని తన చేతుల కోసం అడుక్కుంటారనుకున్నాను. అలా ఒక్కమాటా లేదు.

మర్నాడు ముద్ద కలిపి, అలవాటుగా నా చెవి నలుపుకుంటున్నాను. ఆవిడ నాకేసి అదోలా చూసి, ఒక్కసారిగా పగలబడి నవ్వడం మొదలెట్టారు.

"అక్కగారండీ! మీరిన్నాళ్ళూ ఏ చెవి పట్టుకుంటన్నారండీ?"

"నాదే. ఇంకెవరిది పట్టుకుంటాను?"

"ఓలమ్మో! అది తమ్మెంటండీ? పుట్టిన పదకొండో రోజు కుట్టించి ఉంటారు. అప్పట్నుంచీ పుట్టింటారి బంగారం, అత్తింటారి బంగారం మోస్తానే ఉంది. దానికి మెత్తదనం ఎక్కడేడిసిందండీ?"

పక్కనున్న స్టీలు డబ్బా మూతలో చూసుకున్నాను. నిజమే. దుద్దులు, ఆ తర్వాత బుట్టలు, వాటిని మోయడానికి మాటీలు. కుడిచెవి ఒకసారి తెగితే కుట్లు కూడా వేయించుకున్నాను. కంత సాగి, అంచు కాయకట్టి, గట్టిగా తీగలా ఉంది. రెండు వారాలుగా నేను పిండికి ఆ కాయనే కొలత పెట్టాను. నా అంత వెర్రిదాన్ని నేనే చూడలేదు.

"మరి మా ఆయనది పట్టుకోనా?"

"ఎండలో తిరిగే మనిషి, ఆయనదీ పనికిరాదండి." నవ్వు ఆపుకుని, ఆవిడ తల పక్కకి వంచారు. "నాది పట్టుకోండి. మా చర్చివాళ్ళు బంగారం పెట్టుకోరండి. మా అమ్మ కుట్టించలేదు."

ఆవిడ ఒట్టి చెవి నా ముందు. నా చెయ్యి లేచింది, సగంలో ఆగింది.

ఇందాక తర్వాత చెప్తానన్న మాట ఇదీ. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడు, కోతలకి మా కళ్ళానికి వచ్చినవాళ్ళలో సిస్టరుగారి అమ్మ ఉండేది. మిట్టమధ్యాహ్నం దాహమంటే, మా అత్తగారు నాకు చెంబిచ్చి "పైనుంచి పొయ్యి, తగలనివ్వకు" అన్నారు. ఆవిడ వంగి దోసిలి పట్టింది. నేను పైనుంచి పోశాను. జాగ్రత్తగా, తగలకుండా. అప్పుడు నాకది తప్పనిపించలేదు. ఆ అంటు పట్టింపుతోనే ఆరు నెలలు బేకరీ గుమ్మం తొక్కలేదు. తొక్కాక ఏడేళ్ళు రోజూ ఆవిడ చేతివి తిన్నాను. పొట్లం బల్ల మీద పెట్టేవారు, నేను బల్ల మీంచి తీసుకునేదాన్ని. చెయ్యి కాలినరోజున కూడా అరిచాను, బకెట్ చూపించాను, అంతే గానీ ఆ చెయ్యి నేను పట్టుకోలేదు. ఇదంతా ఆ క్షణంలో నాకు తెలిసి, సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

ఆవిడకి తెలియదనుకుంటున్నారా? ఆవిడకన్నీ తెలుసు. తల అలాగే వంచి ఉంచి, చిన్నగా నవ్వుతూ అన్నారు: "పట్టుకోండి అక్కగారండీ. కరవదు."

పట్టుకున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆవిడ చెవి తమ్మె. ఎంత మెత్తనో! చల్లగా, నిండుగా, కొంచెం బరువుగా. నొక్కితే లొంగుతుంది, వదిలితే నిదానంగా లేస్తుంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి ఒంట్లో అంత పసితనం ఎక్కడ దాక్కుందో! నా కళ్ళు నిండిపోయాయి.

"అమ్మమ్మగారు కూడా ఇలాగే పట్టుకునీవారండి" అన్నారు ఆవిడ, కదలకుండా. "ఆఖరి నాలుగేళ్ళు ఆవిడకి అంతా మరుపే. కూతుర్ని చూసి ఎవరమ్మా నువ్వు అనీవారు. నా పేరూ తెలవదు. శుక్రవారం వచ్చేసరికి మాత్రం కుర్చీలోంచి నన్ను పిలిచి, నా చెవి నలిపి, ముద్ద నలిపి, ఇంకో చుక్క నీళ్ళు అనీవారండి. బుర్ర మర్చిపోయింది గానీ వేళ్ళు మర్చిపోలేదు. నాకు చూడండి, వేళ్ళు మర్చిపోయేయి, బుర్రకి గుర్తుంది."

ఆ పూట నేను కలిపిన ముద్దని విసిరికొట్టి కొత్తగా మొదలెట్టాను. కలపడం, ఆవిడ చెవి పట్టుకోవడం, మళ్ళీ కలపడం. ఆవిడ పీటేసుకుని నా పక్కనే కూర్చున్నారు. ఇంకొంచెం నీళ్ళు. ఇంకొక్క పిడికెడు పిండి. ఒకచోట ముద్ద నా వేళ్ళ కింద లొంగి, నిదానంగా లేచింది. చెవి ఏదో ముద్ద ఏదో కళ్ళు మూసుకుంటే తెలియట్లేదు. కాల్చి తీశాక ఆవిడ ఒకటి విరిచారు. పొడి రాలింది. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు.

"ఆయ్" అన్నారు చివరికి. ఆ ఒక్క ఆయ్ కోసం ఇంకో పదిహేను రోజులైనా గేదె చేత ఛీ కొట్టించుకునేదాన్ని. ఆ వారమంతా లోపలి అమ్మాయిలిద్దరూ కూడా వంతులేసుకుని సిస్టరుగారి చెవులు నలిపారు. పాపం ఆవిడ చెవులు రెండూ ఎర్రబడిపోయాయి.

అమ్మమ్మగారి కూతురు శనివారం పొద్దున్నే వచ్చారు. వాళ్ళమ్మలా శనివారం నియమాలు ఆవిడ పట్టించుకోరట. రైల్లో నరసాపురం దిగి, గోదావరి మీద వస్తానని పట్టుబట్టి, పంటు మీద సఖినేటిపల్లి రేవు దాటి వచ్చారట. పొట్టిగా, తెల్ల జుట్టుతో, చేతికర్రతో ఉన్నారు. ఆటో దిగుతూనే సిస్టరుగారిని కావలించుకుని వదల్లేదు. వాళ్ళ భాషలో ఏదో గలగలా చెప్పుకున్నారు. నా చెవిన ఎప్పుడూ పడని భాష మా సిస్టరుగారి నోటి నుంచి గోదావరి యాసలో ధారగా వస్తుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

పొయ్యి ఆరిపోయి ఉంది. శుక్రవారం నేను కలిపిన ముద్ద, నేను మడిచిన అంచులు. బల్ల మీద పళ్ళెంలో నాలుగు పఫ్‌లు, రెండు గోధుమరంగు గుడ్లు. శుక్రవారమంతా జల్లు పడింది, పిండి ఏం చేసిందో దేవుడికెరుక. సిస్టరుగారు కొంగుతో చేతులు కప్పుకుని నిలబడ్డారు. కాలిన మచ్చలు ఆవిడకి కనపడకూడదని.

ఆ పెద్దావిడ ఒకటి తీసుకుని, ముందు వాసన చూశారు. కొరికారు. పొడి రాలి చీర, కాదు, ఆవిడ గౌను మీద పడింది. నమలడం ఆపేశారు. అలా బుగ్గలో పెట్టుకునే కళ్ళు మూసుకున్నారు. కన్నీళ్ళు కారిపోతున్నాయి. తర్వాత ఒక్క మాటన్నారు. అది నాకు సిస్టరుగారు చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. ఏ భాషలోనైనా అమ్మని పిలిచే గొంతు అలాగే ఉంటుంది.

మిగతాది తిని, ఒళ్ళో పడిన పొడి కూడా వేలితో అద్దుకుని తిని, ఆవిడ ఏదో అడిగారు. సిస్టరుగారు కొంగులోంచి చేతులు తీసి చూపించారు. ఏం చెప్పారో నాకు తెలియదు, చాలాసేపు చెప్పారు. చివర్లో నన్ను చూపించారు. ఆ పెద్దావిడ నన్ను చూసి, నా బుట్టలు చూసి, కన్నీళ్ళతోనే నవ్వారు. ఆ తర్వాత చెయ్యి చాచి సిస్టరుగారి చెవి తమ్మె పట్టుకున్నారు. సరిగ్గా అమ్మమ్మగారు పట్టుకున్నట్టే కాబోలు. సిస్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

సిస్టరుగారు కూడా చెయ్యి చాచి ఆవిడ చెవి పట్టుకున్నారు. నలిపారు. మళ్ళీ నలిపారు. మొహం మారిపోయింది. వెతుకుతున్నారు, వేళ్ళకి ఏమీ అందట్లేదు. అంత దుఃఖం నేను ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడలేదు, చెయ్యి కాలినరోజున కూడా.

ఇంక ఆగలేక దగ్గరికి వెళ్ళాను. సిస్టరుగారు నా మణికట్టు పట్టుకుని, నా వేళ్ళు తీసుకెళ్ళి ఆ పెద్దావిడ చెవి మీద పెట్టారు.

"అక్కగారండీ, మీరు చూసి చెప్పండి. నా పిండిలాగే ఉందాండీ?"

ఆ చెవి ముసలిది, ముడతలు పడింది, ఏ దేశానిదో. నొక్కితే లొంగింది. వదిలితే నిదానంగా లేచింది.

"ఆయ్" అన్నాను, రెండో చేత్తో సిస్టరుగారి చెయ్యి పట్టుకుని. "అదేనండి."